ఫోలిక్ ఆమ్లం: పేరులో ఒక ఆకు, ఒక రెక్క, కాస్త సాంబ్రాణి

మా పిన్నికి కీళ్లవాతం. డాక్టరు ఆమెకు వారానికి ఒక్కరోజు వేసుకోమని మెథోట్రెక్సేట్ మాత్ర రాశారు. మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్ వేసుకోమన్నారు. మందుల షాపు కుర్రాడు రెండు స్ట్రిప్పులూ కవర్లో వేస్తూ "ఇది దానికి విరుగుడండీ" అన్నాడట. అంతే, ఆమెకు అనుమానం పట్టుకుంది. సాయంత్రం ఫోన్ చేసింది. "విరుగుడే ఇచ్చేటప్పుడు అసలు ఆ మందెందుకురా? ఇంతకీ ఈ ఫోలిక్ అంటే ఏంటి?"

రెండో ప్రశ్నకు జవాబు నాకు తెలుసనుకున్నాను. లాటిన్‌లో ఆకు అని అర్థం అన్నాను. "అయితే ఆకుకూరల్లోంచి తీస్తారా?" అంది. కాదు. మాత్రలో ఉండేది ఫ్యాక్టరీలో రసాయనాలతో తయారైనది. దాన్ని చెయ్యడానికి ఒక్క ఆకు కూడా అక్కర్లేదు. మరి ఆకు పేరెందుకు పెట్టారు? ఫోన్ పెట్టేశాక చదవడం మొదలుపెట్టాను. ఈ విటమిన్‌కు ఒకటి కాదు, పదికి పైగా పేర్లున్నాయి. వాటిలో చాలావరకు అది ఎవరికి, ఎక్కడ, ఎలా దొరికిందో చెప్పే చిరునామాలే. ఒక్క పేరు మాత్రం అది దేనితో తయారైందో చెబుతుంది. ఆ పేరును ముక్కలుగా విప్పితే పిన్ని మొదటి ప్రశ్నకు కూడా జవాబు అందులోనే ఉంది.

నాలుగు టన్నుల ఆకు

ముందు అందరికీ తెలిసిన పేరు. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. ఆకు నుంచి అర్థం కాగితం మీదికి పాకింది. పుస్తకంలో ఒక రేకు ఫోలియో అయింది. మ్యూచువల్ ఫండ్‌లో డబ్బు పెట్టినవాళ్లకు ఇచ్చే ఫోలియో నంబరులోనూ, షేర్ల పోర్ట్‌ఫోలియోలోనూ ఉన్నది ఆ ఆకే. మనకిది కొత్తగా అనిపించదు. సంస్కృతంలో పత్రం అంటే ఆకు. బిల్వపత్రమూ పత్రమే, దస్తావేజూ పత్రమే. పొద్దున్నే చదివే పత్రిక కూడా అక్కడి నుంచి వచ్చిందే. తాటాకు మీద రాసుకున్న జాతికి ఆకూ కాగితమూ ఒకటే కావడంలో వింతేముంది.

ఆ ఆకు విటమిన్ పేరులోకి వచ్చింది 1941లో, అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో. హెర్షెల్ మిచెల్, ఎస్మండ్ స్నెల్, రోజర్ విలియమ్స్ అనే ముగ్గురు ఒక బాక్టీరియాను పెంచుతున్నారు. అది పెరగాలంటే తెలియని పదార్థమేదో ఒకటి కావాలి. ఆ పదార్థం స్పినాచ్‌లో బాగా ఉందని గమనించారు. స్పినాచ్ మన పాలకూరకు దగ్గరి బంధువు. నాలుగు టన్నుల ఆకును వండి, వడకట్టి, మళ్లీ మళ్లీ శుద్ధి చేస్తూ పోతే చివరికి చాలా కొద్దిగా, దాదాపు శుద్ధమైన పదార్థం మిగిలింది. అది ఆమ్ల గుణం చూపింది, దొరికింది ఆకులో. కాబట్టి ఫోలిక్ యాసిడ్, అంటే ఆకు ఆమ్లం.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆ పేరు పెట్టిన రోజుకి దాని నిర్మాణం వాళ్లకు తెలియదు. లోపల ఏ పరమాణువు ఎక్కడుందో తెలియని పదార్థానికి దొరికిన చోటును బట్టి పేరు పెట్టారు. పక్కింట్లోకి కొత్తగా దిగినవాళ్లను పేరు తెలిసేదాకా "నెల్లూరు వాళ్లు" అన్నట్టు. పేరు తెలిశాక కూడా అలవాటుకొద్దీ అలాగే అంటూ ఉంటాం.

దీనివల్ల ఒక అపోహ కూడా స్థిరపడింది. ఆకు పేరుంది కాబట్టి ఆకుల్లోనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఆకుకూరల్లో ఉన్న మాట నిజమే. కానీ కాలేయంలో పుష్కలంగా ఉంటుంది. శనగలు, పెసలు, కంది, మినుము వంటి పప్పుధాన్యాల్లో బాగా ఉంటుంది. ఈస్టులోనూ ఉంటుంది. నిజానికి ఇది మొదట బయటపడింది ఆకులో కాదు, ఈస్టులోనే. అది కూడా మన దేశంలో, బొంబాయిలో.

బొంబాయి తల్లులు

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ వైద్యురాలు బొంబాయి వచ్చారు. ప్రసూతి మరణాల మీద హాఫ్కిన్ ఇన్‌స్టిట్యూట్‌లో జరుగుతున్న విచారణలో ఆమె పని రక్తహీనత గురించి తేల్చడం. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్లు గర్భంతో ఉండగా తీవ్రమైన రక్తహీనతకు గురవుతున్నారు, ప్రాణాలు కూడా పోతున్నాయి. మామూలు రక్తహీనతలో ఎర్రకణాలు చిన్నవిగా, పాలిపోయి ఉంటాయి, ఇనుము ఇస్తే కోలుకుంటాయి. ఈ తల్లుల రక్తంలో కణాలు మామూలు కంటే పెద్దవిగా ఉన్నాయి. ఇనుముతో లాభం లేదు.

విల్స్ వాళ్ల ఇళ్లలో ఏం తింటున్నారో చూశారు. ఏ తిండి తినేవాళ్లకు ఈ జబ్బు వస్తోంది, ఎవరికి రావడం లేదు అని పోల్చారు. 1929లో కొన్ని నెలలు కూనూరులో రాబర్ట్ మెకారిసన్ పోషకాహార ప్రయోగశాలలో పనిచేశారు. ఆ కూనూరు ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు తరలి, ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఎలుకల మీద, తర్వాత కోతుల మీద ప్రయోగాలు జరిగాయి. పేద తల్లులు తినే తిండినే కోతులకు పెడితే వాటికీ అదే రక్తహీనత వచ్చింది. రకరకాల పదార్థాలు ఇచ్చి చూడగా ఒకదానికి అవి కోలుకున్నాయి. అది మార్మైట్. బీరు తయారీలో మిగిలిపోయిన ఈస్టు నుంచి చేసే, రొట్టె మీద రాసుకునే చవకైన నల్లటి పదార్థం. దాన్నే తల్లులకు ఇచ్చారు. ఎర్రకణాలు మళ్లీ సరిగ్గా తయారవడం మొదలైంది. 1931లో ఆమె ఈ సంగతి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించారు.

ఈస్టులో ఉన్న ఆ తెలియని పదార్థాన్ని చాలాకాలం విల్స్ ఫ్యాక్టర్ అన్నారు. మొదటి చిరునామా అది.

తర్వాత పదేళ్లలో తలా ఒక పేరు పెట్టారు. కోతుల మీద పనిచేసినవాళ్లు మంకీ అనే మాటలోని మొదటి అక్షరం పట్టుకుని విటమిన్ ఎమ్ అన్నారు. కోడిపిల్లల మీద పనిచేసినవాళ్లు కోడిపిల్లకు ఇంగ్లిషులో ఉన్న పేరు తీసుకుని విటమిన్ బిసి అన్నారు. తెలియనిది కాబట్టి ఫ్యాక్టర్ యు అన్నవాళ్లున్నారు. లాక్టోబాసిల్లస్ కేసీ అనే బాక్టీరియాను పెంచినవాళ్లు ఎల్. కేసీ ఫ్యాక్టర్ అన్నారు. ఇంకొక పేరు నోరిట్ ఎల్యుయేట్ ఫ్యాక్టర్. నోరిట్ అనేది వాళ్లు వడపోతకు వాడిన బొగ్గుపొడి బ్రాండు పేరు! మనిషికి ప్రాణాధారమైన పదార్థం కొన్నాళ్లు ఒక బొగ్గు కంపెనీ సరుకు పేరుతో చలామణీ అయింది. ఇప్పుడు మన స్ట్రిప్పుల మీద కనిపించే బి9 కూడా వరసలో ఇచ్చిన ఒక అంకె మాత్రమే. అదీ అన్నిచోట్లా ఒకటి కాదు, నెదర్లాండ్స్‌లో దీన్నే బి11 అంటారు.

పదహారు మంది సంతకం

ఈ పేర్లన్నీ ఒకే పదార్థానివేనా, దగ్గరి బంధువులవా? తేలాలంటే దాన్ని శుద్ధమైన స్ఫటికాలుగా తీయాలి, విరగ్గొట్టి ముక్కలు గుర్తించాలి, ఆ ముక్కలతో మళ్లీ కట్టి చూపించాలి. ఆ పని జరిగింది న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లే ప్రయోగశాలల్లో. అక్కడ పరిశోధనను నడిపించినవారు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన గురించి మనం పాఠ్యపుస్తకాల్లో ఒక పేరా చదివి వదిలేశాం. ఆ పేరాలో ఎన్నో మందుల పేర్లు వరసగా ఉంటాయి. ఫోలిక్ ఆమ్లం ఆ వరసలో ఒకటిగా కనిపిస్తుంది. నా దృష్టిలో మాత్రం అది ఆయన జీవితానికి నట్టనడుమ ఉంది. ఆయన అన్నదమ్ముల్లో ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. పేగు పొర దెబ్బతిని, తిన్నది వంటబట్టక, మనిషి నీరసించి, రక్తం పలచబడి పోయే జబ్బు అది. ఆయుర్వేద వైద్యులు గ్రహణి అనేదానికి చాలా దగ్గర. సుబ్బారావు కూడా ఆ జబ్బు బారిన పడి, మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బయటపడ్డారు. తర్వాత ఆ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే పాఠాలు చెప్పారు. 1922లో అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర కండరాల శక్తి రసాయనం మీద గొప్ప పని చేసి, 1940లో లెడర్లేకు మారారు.

లెడర్లేలో రాబర్ట్ స్టాక్‌స్టాడ్ 1943 నాటికి ఎల్. కేసీ ఫ్యాక్టర్‌ను స్ఫటికాలుగా తీశాడు. 1945లో ఆ బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసినట్టు ప్రకటించింది. 1946లో నిర్మాణం పూర్తిగా వివరిస్తూ సైన్స్ పత్రికలో వ్యాసం వచ్చింది. దాని మీద పదహారు మంది పేర్లున్నాయి, వాళ్లలో సుబ్బారావు ఒకరు. ఆ బృందం దీనికి పెట్టిన పేరు టెరాయిల్ గ్లుటామిక్ ఆమ్లం. ఇదీ నేను మొదట్లో చెప్పిన ఒక్క పేరు. దీనికి ఎక్కడ దొరికిందన్న గొడవ లేదు, తన ఒళ్లు ఏమిటో తనే చెబుతుంది. నోరు తిరగదు కాబట్టి జనంలో నిలవలేదు.

అణువును విరగ్గొడితే మూడు ముక్కలు వస్తాయి. ఒక్కొక్క ముక్కకూ సొంత ఊరుంది.

రెక్క

మొదటి ముక్క టెరిన్. గ్రీకులో ప్టెరాన్ అంటే రెక్క. హెలికాప్టర్ అనే మాటను మనం హెలి, కాప్టర్ అని విడదీస్తాం గానీ అసలు విరుపు హెలికో, ప్టర్. మెలితిరిగిన రెక్క అని అర్థం. రాకాసి బల్లుల కాలంలో ఎగిరిన టెరోడాక్టిల్ పేరులోనూ ఈ రెక్కే ఉంది.

విటమిన్‌లోకి రెక్క ఎలా వచ్చింది? సీతాకోకచిలుక ఇచ్చింది. 1889 ప్రాంతంలో ఇంగ్లండులో ఫ్రెడరిక్ గౌలాండ్ హాప్కిన్స్ అనే యువకుడు పసుపు, తెలుపు సీతాకోకచిలుకల రెక్కల రంగు ఏమిటో తెలుసుకోవాలనుకున్నాడు. రెక్కల నుంచి రంగు తీసి పరీక్షించి, అది యూరిక్ ఆమ్లానికి సంబంధించిన పదార్థం అనుకున్నాడు. పూర్తిగా సరైన జవాబు కాదది, కానీ దారి అక్కడ పడింది. 1920లలో జర్మనీలో హైన్రిక్ వీలాండ్, క్లెమెన్స్ షోఫ్ ఆ పసుపు రంగును విడిగా తీశారు. గ్రీకులో క్సాంథోస్ అంటే పసుపు కాబట్టి క్సాంథోటెరిన్ అన్నారు. రెక్క పసుపు అన్నమాట. తెల్ల రెక్కల్లోనిది ల్యూకోటెరిన్ అయింది. ఆ అణువుల అసలు నిర్మాణం 1940లో గానీ తేలలేదు.

1940 అన్నది చాలా ముఖ్యం. లెడర్లేలో విటమిన్‌ను విరగ్గొట్టినప్పుడు వచ్చిన జంట వలయాల ముక్క సీతాకోకచిలుక రంగుల కుటుంబానిదని గుర్తుపట్టగలిగారంటే, అప్పటికి కొద్ది ఏళ్ల ముందే ఆ కుటుంబం రూపం తెలిసి ఉండటం వల్లే. సీతాకోకచిలుక రెక్కల మీద అర్ధ శతాబ్దం పాటు ఏ ఉపయోగమూ ఆశించకుండా కొందరు చేసిన పని లేకపోతే, గర్భిణుల మాత్ర అంత త్వరగా వచ్చేది కాదు.

హాప్కిన్స్‌కు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. అది సీతాకోకచిలుకలకు కాదు, ఆహారంలో విటమిన్ల ఉనికిని చూపించినందుకు. ఇరవై ఎనిమిదేళ్ల ప్రాయంలో తను రెక్కల మీద నుంచి రాల్చిన రంగుపొడికీ, ఒక విటమిన్‌కూ ఒకే చట్రం ఉందని అప్పుడాయనకే తెలియదు. నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చిన చోటు ఇది. వానలు పడ్డాక మన చేల గట్ల మీద బురదలో గుంపుగా వాలే పసుపు సీతాకోకచిలుకలు కూడా హాప్కిన్స్ చూసిన ఆ కుటుంబానివే.

సాంబ్రాణి

మధ్య ముక్క పేరు పారా అమైనో బెంజోయిక్ ఆమ్లం. బెంజోయిక్ అన్న మాట బెంజాయిన్ నుంచి వచ్చింది. అది సుమత్రా వైపు చెట్ల నుంచి కారే సువాసన గల జిగురు. మనం సాంబ్రాణి అని కొనే ధూపద్రవ్యాల్లో ముఖ్యమైనది అదే. అరబ్ వర్తకులు దాన్ని లుబాన్ జావీ అన్నారు, అంటే జావా ధూపం. యూరప్ వాళ్లు ముందున్న లు అనే అక్షరాన్ని తమ భాషల్లో నామవాచకం ముందు వచ్చే చిన్న మాట అనుకుని వదిలేశారు. మిగిలిన బాన్ జావీ నోళ్లలో నలిగి బెంజాయిన్ అయింది. ఆ జిగురులోంచి తీసిన ఆమ్లం బెంజోయిక్ ఆమ్లం. రసాయనశాస్త్రంలో అడుగడుగునా ఎదురయ్యే బెంజీన్ కూడా ఆ పేరు బిడ్డే. చంటిపిల్లలకు తలంటి పోశాక మన ఇళ్లలో వేసే సాంబ్రాణి పొగకూ, ఆ పిల్ల కడుపులో పడ్డప్పుడు తల్లి వేసుకున్న మాత్ర పేరుకూ మధ్య ఇలా ఒక దారం ఉంది.

ఈ మధ్య ముక్కకు వైద్యంలో పెద్ద పాత్ర ఉంది. బాక్టీరియాలు చాలావరకు తమ ఫోలిక్ ఆమ్లాన్ని తామే తయారుచేసుకుంటాయి. అందుకు వాటికి ఈ సాంబ్రాణి ముక్క కావాలి. 1930లలో వచ్చిన సల్ఫా మందులు దీనిలాగే కనిపించే అణువులు. బాక్టీరియా పొరపాటున సల్ఫాను పట్టుకుంటుంది, ఫోలిక్ తయారీ ఆగిపోతుంది, పెరుగుదల ఆగిపోతుంది. ఈ కిటుకును 1940లో బ్రిటన్‌కు చెందిన డొనాల్డ్ వుడ్స్ పట్టుకున్నాడు. మరి మనకేమీ కాదా? మన ఒంటికి ఫోలిక్ తయారుచేసుకునే శక్తే లేదు, తిండిలోంచి తీసుకోవాల్సిందే. లేని ఫ్యాక్టరీని ఎవరూ మూయలేరు. మనకు విటమిన్‌గా పనికొచ్చే పదార్థం విషయంలో మన ఒంటికున్న ఈ లోటే అక్కడ మనకు రక్షణ అయింది.

బంక

మూడో ముక్క గ్లుటామిక్ ఆమ్లం. లాటిన్‌లో గ్లూటెన్ అంటే బంక. గోధుమపిండి ముద్దను నీళ్లలో పిసికితే గంజి అంతా పోయి సాగే జిగట పదార్థం మిగులుతుంది, అది గ్లూటెన్. 1866లో జర్మన్ రసాయనవేత్త కార్ల్ రిట్‌హౌసెన్ దానిలోంచి ఈ ఆమ్లాన్ని తీశాడు. ఫాస్ట్‌ఫుడ్ బండి మీద నూడుల్స్‌లో వేసే టేస్టింగ్ సాల్ట్ దీని లవణమే.

పాత పేర్ల గందరగోళం చాలావరకు ఈ తోక దగ్గర విడిపోయింది. ప్రకృతిలో ఈ విటమిన్‌కు ఒక్క గ్లుటామిక్ తోక కాదు, తరచుగా గొలుసులా చాలా ఉంటాయి. ఒకరికి మూడు తోకలది దొరికింది, మరొకరికి ఏడు తోకలది దొరికింది, ఇంకొకరికి ఒక్క తోకది. తల ఒకటే, తోకలు వేరు. అందుకే ఒకరి పదార్థం ఇంకొకరి బాక్టీరియా మీద సరిగ్గా పనిచేయలేదు, అందుకే వేరు వేరు విటమిన్లు అనుకుని వేరు వేరు పేర్లు పెట్టుకున్నారు.

మన పేగు కూడా ఈ తోకల లెక్క చూస్తుంది. పప్పులో, ఆకుకూరలో ఉన్న గొలుసును కత్తిరించి, ఒక్క తోక మిగిల్చి, అప్పుడు లోపలికి తీసుకుంటుంది. మాత్రలోని దానికి ముందే ఒక్క తోక. కాబట్టి అది సులువుగా, ఎక్కువగా వంటబడుతుంది. ఆహారంలో సహజంగా ఉండే రూపాలన్నిటినీ కలిపి ఫోలేట్ అంటారు. మాత్రల్లో, పిండిలో, బియ్యంలో కలిపే కృత్రిమ రూపం ఫోలిక్ ఆమ్లం. వేడికీ నిల్వకూ ఫోలేట్ త్వరగా పాడవుతుంది, ఫోలిక్ ఆమ్లం నిలకడగా ఉంటుంది. ఫోలేట్ నీళ్లలోకి దిగిపోతుంది కూడా. ఆకుకూర ఉడికించి నీళ్లు పారబోస్తే సగం కష్టం కాలవలోకి పోయినట్టే. పప్పు ఉడికిన తేటతో కట్టు చారు పెట్టుకునే మన అమ్మమ్మల అలవాటు ఈ లెక్కన చాలా మంచిది.

పిన్ని అడిగిన మొదటి ప్రశ్న

ఇప్పుడు విరుగుడు సంగతి. ఒంట్లో ఫోలేట్ పని ఏమిటంటే, ఒక్కొక్క కార్బన్ పరమాణువును మోసుకెళ్లి కావాల్సిన చోట అందించడం. కణం రెండుగా చీలాలంటే ముందు తన డీఎన్ఏకు నకలు తీసుకోవాలి. ఆ నకలుకు కావాల్సిన ఒక ముఖ్యమైన ఇటుక ఫోలేట్ లేకుండా తయారవదు. ఫోలేట్ తక్కువైతే కణం ఒళ్లు పెంచుకుంటుంది గానీ చీలలేదు. బొంబాయి తల్లుల రక్తంలో కణాలు పెద్దవిగా కనిపించడానికి కారణం ఇదే. రోజూ కొత్త కణాలు పుట్టాల్సిన రక్తం, పేగు పొర, కడుపులో బిడ్డ, వీటికే మొదట దెబ్బ తగులుతుంది.

వేగంగా చీలేది ఇంకొకటుంది, క్యాన్సర్ కణం. బోస్టన్‌లో పిల్లల ఆసుపత్రిలో పనిచేసే సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ ఉన్న పిల్లల్లో ఫోలేట్ జబ్బును పెంచుతున్నట్టు అనుమానించాడు. అయితే ఫోలేట్‌ను అడ్డుకుంటే? సుబ్బారావు బృందం ఫోలిక్ లాగే కనిపించే నకిలీ అణువులను తయారుచేసి ఆయనకు పంపింది. రెక్క ముక్క మీద ఒకచోట అమైనో అనే చిన్న పరమాణువుల గుంపు పెడితే అది అమైనోటెరిన్. దానికి ఇంకొకచోట మిథైల్ గుంపు కూడా చేరిస్తే అమెథోటెరిన్. ఈ అమెథోటెరిన్‌కే తర్వాత వచ్చిన పేరు మెథోట్రెక్సేట్. మా పిన్ని వారానికోసారి వేసుకునే మాత్ర.

1948 జూన్‌లో ఫార్బర్ తన ఫలితాలు ప్రకటించాడు. అమైనోటెరిన్ ఇచ్చిన పదహారు మంది పిల్లల్లో పదిమందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. శాశ్వతంగా కాదు. కానీ రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు చేయగలిగింది ఏమీ లేదనుకునే రోజులు అవి. మందుతో క్యాన్సర్‌ను తగ్గించవచ్చన్న నమ్మకానికి అది పునాది అయింది.

కాబట్టి పిన్ని చేతిలో ఉన్న రెండు స్ట్రిప్పులూ ఒకే అణువు తాలూకు అసలూ నకిలీ. కీళ్లవాతంలో మెథోట్రెక్సేట్ చాలా తక్కువ మోతాదులో, వారానికోసారి ఇస్తారు. అక్కడ వాపును తగ్గించడానికి అది ఫోలేట్‌ను అడ్డుకోవడం మీదే పూర్తిగా ఆధారపడదు, వేరే దారుల్లో కూడా పనిచేస్తుందని వైద్యులు భావిస్తున్నారు. కానీ నోటిపూత, వికారం, కాలేయం మీద ఒత్తిడి వంటి దుష్ఫలితాలు చాలావరకు ఫోలేట్ లోటు వల్లే వస్తాయి. ఫోలిక్ మాత్ర ఆ లోటు పూడుస్తుంది, మందు పని మాత్రం సాగుతూనే ఉంటుంది. విరుగుడు అనేకంటే తోడు అనడం సరైనది. అసలైన విరుగుడు వేరే ఉంది, దాని పేరు ఫోలినిక్ ఆమ్లం. ఒక్క అక్షరం తేడా. క్యాన్సర్‌కు పెద్ద మోతాదులో మెథోట్రెక్సేట్ ఇచ్చినప్పుడు, ఆ మందు మూసేసిన మెట్టును దాటి పనిచేయగల ఈ రూపాన్ని ఆసుపత్రిలో ఇస్తారు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒకసారి అని రాస్తే వారానికి ఒకసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ మాత్ర ఉంటే వారంలో ఏ రోజు వేసుకోవాలో కవరు మీద తెలుగులో పెద్దక్షరాలతో రాసి పెట్టండి. నేను పిన్ని డబ్బా మీద బుధవారం అని రాశాను.

తెల్ల గింజలు, ఎర్ర మాత్రలు

బిడ్డ వెన్నుపాము, మెదడు తయారయ్యే నాళం గర్భం పడ్డ 28 రోజుల్లోపే మూసుకుంటుంది. చాలామందికి అప్పటికి గర్భం వచ్చిందనే తెలియదు. ఆ నాళం సరిగ్గా మూసుకోకపోతే బిడ్డ వెన్నెముక లోపంతో పుడుతుంది. అలాంటి బిడ్డను ఒకసారి కన్న తల్లుల మీద బ్రిటన్ వైద్య పరిశోధన మండలి చేసిన పరీక్ష 1991లో వెలువడింది. ఫోలిక్ ఆమ్లం తీసుకున్నవారిలో ఆ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. అందుకే పిల్లల కోసం అనుకుంటున్నప్పటి నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు మొదలుపెట్టమంటారు. మన దగ్గర ఏఎన్ఎమ్, ఆశా కార్యకర్తలు గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్రను అందరూ ఐరన్ మాత్ర అంటారు. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం కూడా ఉంది. పేరులో కనిపించని సగం అది.

రేషన్ బియ్యంలో తేడాగా కనిపించే గింజలను చూసి ప్లాస్టిక్ బియ్యం అని మన రెండు రాష్ట్రాల్లోనూ భయపడినవాళ్లున్నారు. అవి బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి మళ్లీ గింజ ఆకారంలో వత్తినవి. కిలో బియ్యానికి సుమారు 10 గ్రాముల లెక్కన కలిపినవి. ఏరి పారేస్తే పోయేది విటమినే.

ఫోలిక్ ఎంత మంచిదైనా ఒక జాగ్రత్త ఉంది. బి12 లోపం ఉన్నవాళ్లు ఫోలిక్ మాత్రమే వేసుకుంటే రక్తం బాగుపడుతుంది గానీ నరాల దెబ్బ లోలోపల సాగుతుంది. శాకాహారుల్లో బి12 లోపం ఎక్కువ కాబట్టి, కాళ్లు తిమ్మిర్లుగా ఉంటే రెండూ పరీక్ష చేయించుకోవాలి.

1945, 46ల్లో అమెరికన్ వైద్యుడు టామ్ స్పైస్ క్యూబాలో స్ప్రూ రోగులకు కృత్రిమంగా తయారైన ఫోలిక్ ఆమ్లం ఇచ్చి చూశాడు. రక్తం పుంజుకుంది, నాలుక పూత తగ్గింది, తిండి వంటబట్టడం మొదలైంది. సుబ్బారావు ఇంట్లో ఇద్దరిని తీసుకుపోయిన జబ్బుకు ఆయన ప్రయోగశాల నుంచి మందు వచ్చింది. ఫార్బర్ వ్యాసం అచ్చయిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. అమెరికా వెళ్లాక మళ్లీ భారతదేశం రాలేదు. విటమిన్ పేరులో ఆయన గుర్తు ఎక్కడా లేదు.

1953లో హెసెల్‌టైన్ అనే శాస్త్రవేత్త మురుగునీటిని శుద్ధి చేసే రాళ్ల పరుపుల మీద పెరిగే ఒక కొత్త శిలీంధ్రాన్ని వర్ణించి, దానికి సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని పేరు పెట్టాడు. గ్రీకులో మైకెస్ అంటే శిలీంధ్రం. లాటిన్‌లో స్ప్లెండెన్స్ అంటే మెరిసేది. ముందున్న మూడక్షరాలూ మనకు తెలిసినవే.